చిన్న గేటు మూసిన రోజు

పై గది అద్దెకు అడగడానికి వచ్చినావిడ గదిలోకి అడుగు పెట్టకముందే డాబా చివరికి వెళ్ళి ఆనకట్ట వైపు చూసింది. మా అత్తయ్య అది పట్టేసింది.

"గాలి వస్తుందా, ఎండ కొడుతుందా అని అడగాల్సింది పోయి గేట్ల వైపు చూస్తుందేమిటే?" అని నా చెవిలో గొణిగింది.

ఆవిడ నది మీద పరిశోధన చేస్తోందట. నదిలో ఎంత నీరు వదిలితే ఎవరికి మేలు, ఎవరికి నష్టం, నదిలో తిరిగే జంతువుల గురించి ఒడ్డున ఉండే మనుషులు ఏమనుకుంటున్నారు, ఇవీ ఆవిడ చదువు. ఎండలు ముదరకముందే నీళ్ళ తగాదా ఒక కొలిక్కి తెమ్మని నీటి కార్యాలయం వాళ్ళు పిలిపించారు. గది తాళం చేతికిచ్చిన సాయంత్రానికే మా అత్తయ్య ఆవిడకి ప్రశ్నలమ్మ అని పేరు పెట్టేసింది.

మా ఆయన ఆనకట్ట దగ్గర గేటు ఆపరేటరు. ఆనకట్ట పక్క నుంచి కాలువ బయలుదేరుతుంది. దాని కింద పొలాలు, చేపల చెరువులు. మా మరిది చెరువులు కూడా అందులోవే. ఆనకట్ట దాటి కిందికి పోయే నీరు నదిది. దాని మీద బతికేది వలలవాళ్ళు. వానలు బాగా పడిన ఏడు ఎవరి నీళ్ళు వాళ్ళకి సరిపోయేవి, ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన పని ఉండేది కాదు. ఆ ముందటేడు వానలు ముఖం చాటేశాయి. పెద్ద గేట్లన్నీ దించేసి, నది కోసం చివరనున్న చిన్న గేటు ఒక్కటే సగం ఎత్తి ఉంచారు. మాట తేలేదాకా దాన్నెవరూ ముట్టుకోకూడదని ఇంజనీరు గేటు తిప్పే చక్రానికి గొలుసు చుట్టించి తాళం వేయించాడు. తాళంచెవి మా ఇంట్లో, అద్దం పక్కన మేకుకి వేలాడేది.

అన్న చేతిలో గేటు, తమ్ముడి చెరువులో చేపలు. ఊరంతా మా ఇంటి వైపు అదోలా చూడ్డానికి ఇంతకంటే ఏం కావాలి?

"వదినా, ఆవిడ ఎవరి మనిషో కనుక్కో," అన్నాడు మా మరిది అన్నం దగ్గర. "ఇలాంటివాళ్ళు ఊరికే రారు. ముందు జంతువుల్ని లెక్కపెడతారు. తర్వాత కంచె వేసి మనల్ని బయటికి పొమ్మంటారు."

"నేనెలా కనుక్కోను?"

"తోడు రావడానికి ఊరు తెలిసిన ఆడమనిషి కావాలని అడిగిందిగా. నువ్వెళ్ళు."

నేను కుట్టుమిషను మీద బడిపిల్లల బట్టలు కుడతాను. వేసవిలో మిషను మీద దుమ్ము తుడవడం తప్ప పనుండదు. మా ఆయన వైపు చూశాను. ఆయన పంటి నొప్పితో ఒక పక్కనే నములుతూ, "వెళ్తే వెళ్ళు. కానీ ఇక్కడి మాటలు అక్కడా, అక్కడివి ఇక్కడా మొయ్యకు," అన్నాడు.

"మొయ్యకపోతే ఇంకెందుకురా పంపడం?" అంది మా అత్తయ్య.

అలా ఇంటిల్లిపాదీ ఆశీర్వదించి పంపిన గూఢచారినయ్యాను.

ప్రశ్నలమ్మ పొద్దున్నే గొడుగు, అట్ట, కాగితాలు పట్టుకుని బయలుదేరేది. ఇల్లిల్లూ తిరిగి అడిగేది. నీటికుక్క కనిపిస్తే మీకేమనిపిస్తుంది? ఇష్టమా, భయమా, కోపమా, ఏమీ అనిపించదా? మా వైపు దాన్ని ఎరగనివాళ్ళు లేరు. నున్నటి గోధుమరంగు ఒళ్ళు, పిల్లి మీసాలు, పలకలాంటి తోక. చేపని రెండు చేతులతో పట్టుకుని మనిషిలా కొరుక్కుతింటుంది. చెరువులవాళ్ళు అది చేపలు ఎత్తుకుపోతుందంటారు, వలలవాళ్ళు వలలు చింపుతుందంటారు. "రెండు పక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇదొక్కటే," అని నవ్వింది ప్రశ్నలమ్మ ఒకరోజు దారిలో.

మా మరిదిని అడిగితే, "అనిపించేది ఏముందండీ, తుపాకీ లైసెన్సు ఇప్పించండి," అన్నాడు.

కింది రేవులో పడవ నడిపే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకా బాగా జరిగింది. వలలవాళ్ళందరూ ఆవిడ మాట మీదే నడుస్తారు. పడవని బోర్లించి అడుగుకి తారు పూస్తోంది. ప్రశ్న విని, చేతిలో బ్రష్షు ఆపకుండానే, "నా వల చింపినదాన్ని చూస్తే ముద్దొస్తుందా? కోపమే. నీ కాగితంలో నా కోపం పట్టేంత గడి ఉందా?" అంది.

"ఉంది, చెప్పండి. చిన్న గేటు ఇంకొంచెం ఎత్తితే ఎలా ఉంటుంది మీకు?"

పెద్దమ్మ అప్పుడు నన్ను చూసింది. "ఈ అమ్మాయి గేటాయన పెళ్ళాం కదూ? ఈవిడని పక్కన కూర్చోబెట్టుకుని నన్ను మనసులో మాట చెప్పమంటావా? నువ్వు వాళ్ళింట్లో ఉంటున్నావట కదా. వాళ్ళ ఉప్పు తింటూ మాకు న్యాయం చేస్తావా?"

ప్రశ్నలమ్మ ఆ మాట కూడా కాగితం మీద రాసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇటు చూస్తే ఆవిడ వలలవాళ్ళ మనిషని మా మరిది అంటాడు. అటు చూస్తే మా మనిషని వీళ్ళంటారు. నిజానికి నాకూ ఆవిడ మీద గురి లేదు. డాబా మీద ఫోనులో ఎవరితోనో, "గేటువాళ్ళింట్లోనే ఉన్నాను. అలా కలిసొచ్చింది," అనడం నా చెవిన పడింది.

ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తూ సూటిగానే అడిగేశాను. "ఊళ్ళో ఇన్ని గదులుండగా మా ఇల్లే ఎందుకు తీసుకున్నారు?"

అబద్ధమాడుతుందనుకున్నాను. గాలి బాగుందనో, అత్తయ్యగారు మంచివారనో.

"గేటు మీ ఇంట్లో ఉంది కాబట్టి అక్కా," అంది. "గేటు మీద చెయ్యేసే మనిషి ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో తెలియకుండా ఈ నదిని అర్థం చేసుకోలేను. మీరు నాతో వస్తున్నది కూడా అందుకే కదా? నేనేం రాస్తున్నానో చూడ్డానికి."

నేను బట్టల్లో తల దూర్చేశాను. కిందికొచ్చాక అత్తయ్య, "ఏమంది?" అని అడిగితే, "ఉక్కగా ఉందంది," అన్నాను.

ఆ మర్నాడో ఆ పై మర్నాడో, రేవుకి కాస్త ఎగువనున్న మడుగు దగ్గరికి తీసుకెళ్ళింది నన్ను. నదిలో చాలాచోట్ల ఇసుక తేలినా అక్కడ మాత్రం నల్లగా, లోతుగా నీళ్ళున్నాయి. రెల్లు చాటున కూర్చున్నాం. చాలాసేపటికి అవతలి ఒడ్డున చెట్టు వేళ్ళ సందులోంచి ఒక తల్లి, దాని వెనక రెండు పిల్లలు దిగాయి. పిల్లలకి నీళ్ళంటే భయం. తల్లి ఒకదాని మెడ కరిచి లాగి నీళ్ళలో పడేసింది. అది ఈలలా కీచుమంటూ ఒడ్డుకి పరుగెత్తింది. మళ్ళీ లాగింది. నేను నా పిల్లల్ని బడికి పంపిన మొదటి రోజు గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను.

ఇంటికొచ్చాక ఏం చూశావని అడిగారు. ఏమీ లేదన్నాను.

మొదటి సమావేశం ధాన్యం గోదాములో పెట్టారు. కుర్చీల దగ్గరే గొడవ. తలుపుకి వీపు పెట్టి కూర్చోమంటే రెండు పక్షాలూ ఒప్పుకోలేదు. చివరికి ఇంజనీరే తలుపు దగ్గర కూర్చున్నాడు. ప్రశ్నలమ్మ ఎవరినీ తొందరపెట్టలేదు. ఒకరు చెప్పింది ఇంకొకరు తిరిగి చెప్పాలి, తప్పు చెబితే మళ్ళీ మొదట్నించీ వినాలి. అదొక్కటే ఆవిడ పెట్టిన షరతు. సాయంత్రానికి ఒక దారి కనిపించింది. చిన్న గేటు వేసవంతా సగం ఎత్తే ఉండాలి. చెరువులకి గాలి కొట్టే యంత్రాలు, నీటికుక్కలు దూరకుండా గట్ల చుట్టూ వలకంచె కార్యాలయం ఇప్పించాలి. వచ్చే సమావేశంలో సంతకాలు.

సమావేశం నుంచి మా మరిది తిన్నగా చెరువుకి వెళ్ళిపోయాడు. యంత్రాలు ఎప్పటికొస్తాయో తెలీదు. చేపలు అప్పటిదాకా ఆగవు. మర్నాడు పొద్దున్న నేను వాడికి ఫలహారం పట్టుకెళ్ళేసరికి, నడుంలోతు నీళ్ళలో నిలబడి కర్రతో నీళ్ళని బాదుతున్నాడు. అలా బాదితే నీళ్ళలోకి కాస్త గాలి వెళ్తుందట. చెరువు నిండా చేపల నోళ్ళు పైకి తేలి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. వాడి అరచేతులు బొబ్బలెక్కాయి.

"అన్నయ్యని ఒక్క పూట గేటు దించమను వదినా. కాలువలోకి జానెడు నీళ్ళెక్కితే చాలు."

"అడిగావా?"

"అడిగాను. ఇంజనీరుకి మాటిచ్చానన్నాడు." కర్ర నీళ్ళ మీద విసిరికొట్టాడు. "నాకేం ఇచ్చాడు మరి?"

ఈలోగా మా ఆయన పన్ను ఊరుకోలేదు. దవడ గుమ్మడికాయలా వాచింది. గేట్లు ముట్టుకునే పని ఎలాగూ లేదు కదా అని, కార్యాలయంలో చెప్పకుండానే పొద్దున్నే బయలుదేరి అవతలి ఒడ్డున ఉన్న పట్నానికి వెళ్ళాం. పెద్దమ్మ పడవే. తలకీ గడ్డానికీ కలిపి తువ్వాలు కట్టుకున్న మా ఆయన్ని చూసి, "ఏం గేటాయనా, నోరు కూడా మూసేశావా?" అంది. ఆయన నవ్వబోయి మూలిగాడు.

పన్ను పీకించుకుని సాయంత్రం వెనక్కి వస్తుంటే, నది మధ్యలో పడవ గట్టిగా ఆగిపోయింది. పెద్దమ్మ గెడ దించి చూసింది. మోకాలిలోతు కూడా లేదు.

"పొద్దున్న ఇక్కడ నా గెడ సగం మునిగింది," అంది మెల్లగా.

మా ఆయన ముఖం చూశాను. రంగు పోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని బురదలోకి దిగి ఆనకట్ట వైపు పరుగెత్తాడు. నేను వెనక వెళ్తూ మడుగు దగ్గర ఆగిపోయాను. నల్లటి నీళ్ళుండే చోట బురద మెరుస్తోంది. చేపలు పక్కకి పడి కొట్టుకుంటున్నాయి. వలలవాళ్ళు బుట్టలతో దిగి, పనికొచ్చేవి ఏరుతూ బూతులు తిడుతున్నారు. నీళ్ళు అడ్డం లేకపోయేసరికి వీధికుక్కలు నడిచి అవతలి ఒడ్డుకి వెళ్ళాయట. ప్రశ్నలమ్మ చెట్టు వేళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ గొడుగు కుక్కల మీద విసిరినట్టుంది, విరిగి బురదలో పడుంది. పక్కనే ఆవిడ తువ్వాలు కప్పి ఉంది. దాని కిందేముందో నేను అడగలేదు. ఎక్కడో రెల్లులోంచి ఒకటే ఈల వినిపిస్తోంది, ఆగకుండా.

నేను ఇల్లు చేరేసరికి మా ఆయన గేటు మళ్ళీ ఎత్తేసి వచ్చాడు. తాళం వేసినట్టే ఉందట. తాళంచెవి కూడా ఆయన ఇంటికొచ్చి తియ్యబోయేసరికి మేకుకి ఎప్పటిలాగే ఉందట. మా అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా, "పన్ను తీసేశారా?" అని అడిగింది. మా మరిది ఆ రాత్రి భోజనానికి రాలేదు.

"ఎవరు?" అన్నాను మా ఆయనతో.

ఆయన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, మాట్లాడలేనన్నట్టు తల ఊపాడు. ఆ వాపు భలే సమయానికి పనికొచ్చింది అనుకున్నాను. ఎవరు దించారో నాకు తెలుసు. అన్న మాట లేకుండా వాడు మేకు జోలికి పోడు, మరి తాళంచెవి వాడి చేతికెలా వెళ్ళిందన్నదే తేలలేదు. పిల్లల్ని వదిలేస్తే ఇంట్లో ఉన్నది నలుగురం. అందులో ఇద్దరం పట్నంలో ఉన్నాం.

సంతకాలు పెట్టాల్సిన సమావేశంలో ఎవరూ కూర్చోలేదు. గోదాము నిండా నిలబడే అరుపులు. ముందు చెరువులవాళ్ళు మొదలుపెట్టారు. "ఆవిడే దించుంటుంది! ఉండేది ఆ ఇంట్లోనేగా. రెండు నీటికుక్క పిల్లలు చస్తే పేపర్లో వేసుకోవచ్చుగా!" వలలవాళ్ళు ఇంకో పక్క నుంచి, "తాళంచెవి ఉన్న ఇంట్లో కూర్చుని మాకు నీతులు చెప్పింది! పొమ్మనండి ముందు!" అన్నారు. ప్రశ్నలమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. రెండు పక్షాలూ ఏకమై తిడుతుంటే కిందికి చూస్తోంది. ఇంజనీరు బల్ల గుద్ది, "ఇక మాటల్లేవు. పోలీసులకి అప్పగిస్తాను. ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ అడుగుతారు," అన్నాడు.

మా అత్తయ్య కూడా వచ్చింది ఆ రోజు. చెరువులవాళ్ళ ఆడవాళ్ళ మధ్య నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆయన ముందుకొచ్చాడు.

"నేనే దించాను."

గోదాము సద్దుమణిగింది.

"ఎందుకు?" అన్నాడు ఇంజనీరు.

"తమ్ముడి చేపలు చస్తున్నాయి. చూడలేకపోయాను." చిగురు ఇంకా మానలేదు, మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

నేను పెద్దమ్మ వైపు చూశాను. తువ్వాలు కట్టుకున్న మనిషిని పొద్దున్న ఆ ఒడ్డున దించింది తనే, సాయంత్రం ఇసుకలో ఆపింది తనే. ఆవిడా నా వైపే చూస్తోంది. ఇప్పుడు నోరు తెరుస్తుంది, ఇప్పుడు తెరుస్తుంది అని ఎదురుచూశాను. ఆవిడ జుట్టు విప్పుకుని, మళ్ళీ ముడి వేసుకుని, "సరే, మనిషి ఒప్పుకున్నాడు కదా. ఇక కూర్చోండి అందరూ," అంది.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత పని చకచకా జరిగిపోయింది. కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి దొరికాడు కాబోలు. మా ఆయన్ని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. ఒక్క తాళం మీద నమ్మకం లేదు గనక గొలుసుకి రెండు తాళాలన్నారు. ఒకటి ఆపరేటరుది, రెండోది వలలవాళ్ళది. ఇద్దరూ వస్తేనే చక్రం తిరుగుతుంది. వలలవాళ్ళని కూడా నమ్మలేమన్నారు చెరువులవాళ్ళు. అందుకని రెండు వైపులవాళ్ళకీ కనిపించేలా రేవు రాతి మీద ఎర్రగీత గీయించారు. నీళ్ళు దానికి కిందికి పోకూడదు, దాన్ని దాటి వృథా కాకూడదు. గాలి యంత్రాలు వారంలోగా రావాలి, రాకపోతే ఒప్పందం చెల్లదు. ఒక్కో షరతు వెనకా ఎవరో ఒకరి అనుమానం ఉంది.

"వీళ్ళు ఒకర్నొకరు నమ్మేలా చెయ్యాలని వచ్చానక్కా," అంది ప్రశ్నలమ్మ తిరిగొస్తుంటే. "అనుమానంతోనే పని కానిచ్చారు." కాస్త దూరం నడిచాక, "మీ ఆయన ఆ రోజు పట్నంలో ఉన్నారు కదూ?" అంది.

ఆవిడ చేతిలో కలం ఉంది. నేను ఆవిడ ముఖంలోకి చూసి, "అవును," అన్నాను.

కలానికి మూత పెట్టేసింది.

ఇంట్లో మా ఆయన చొక్కా విప్పకముందే మా మరిది వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"సాయంత్రంలోగా తాళంచెవి మళ్ళీ తీసుకెళ్ళి ఎత్తేద్దామనుకున్నానన్నయ్యా. చెరువుకి నీళ్ళెక్కుతుంటే చూస్తూ నిలబడిపోయాను... అంతే."

"సరేలే."

"నేను వెళ్ళి ఇంజనీరుకి చెప్పేస్తాను."

"చెబితే తాళంచెవి ఎక్కడిదని అడుగుతాడు," అన్నాడు మా ఆయన.

అప్పుడు మా అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. "నేనే ఇచ్చాను. వాడొచ్చి చేతులు చూపించాడు. నెత్తురోడుతున్నాయి. తల్లినిరా నేను, ఇంజనీరుని కాదు."

వీధిలో పోయే పిల్లిని కూడా అనుమానించే మనిషి ఆవిడ. నేను అందరినీ అనుమానించాను, చిక్కుడుకాయలు ఒలుస్తున్నావిడని తప్ప.

"తెలుసు," అన్నాడు మా ఆయన. "నన్నడక్కుండా ఆ మేకు మీద చెయ్యి వెయ్యగలిగేది నువ్వొక్కదానివే."

"తెలిస్తే నా పేరెందుకు చెప్పలేదు? నేనేమన్నా దొంగనా దాచడానికి?"

"కాదనేగా చెప్పలేదు."

అత్తయ్య అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. మా మరిది ఆ రోజు నుంచి చెరువు గట్టు మీది పాకకి మకాం మార్చేశాడు. అన్నకి ఎదురుపడలేకపోయాడు. అన్నం కారియర్లో నేనే పట్టుకెళ్ళేదాన్ని. గాలి యంత్రాలొచ్చాయి, సగం చేపలు దక్కాయి. ప్రశ్నలమ్మ గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

మా ఆయన ఇంట్లో ఊరికే కూర్చోలేక నా పక్కన బొత్తాలు కుట్టేవాడు. దారిన పోయేవాళ్ళు ఒకసారి లోపలికి తొంగి చూసి పోయేవారు. ఆ రోజుల్లో నేను ఆయన్ని రెండు మూడుసార్లు అడిగాను, ముందే నాతో ఎందుకు చెప్పలేదని. "చెబితే నువ్వు అమ్మని వేరేగా చూస్తావు," అన్నాడొకసారి. అది నిజమే. ఇప్పటికీ ఆవిడ ఏదైనా తలెత్తకుండా అడిగితే నా చెయ్యి పని ఆపేస్తుంది.

కొత్త ఆపరేటరు ఎక్కడి నుంచో వచ్చాడు. వచ్చిన మొదటి వారంలోనే చెరువులవాళ్ళతో కూర్చుని నవ్వుతున్నాడని వలలవాళ్ళ కంట్లో పడ్డాడు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ మా గుమ్మం తొక్కలేదు. మా అత్తయ్య పీట వేస్తూనే ఈవిడకేం కావాలా అన్నట్టు నావైపు కనుబొమ్మలెగరేసింది.

"ఇంజనీరు దగ్గర్నుంచే వస్తున్నా," అంది పెద్దమ్మ. "పాత ఆయన్ని గేటు దగ్గర పెడితేనే మా తాళం తీస్తాం, లేకపోతే లేదన్నాను. తప్పు చేసినవాణ్ణే మళ్ళీ పెట్టమంటారేమిటని బుర్ర గోక్కున్నాడు. రేపట్నించి రమ్మన్నాడు."

మా ఆయన సూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను ఆగలేకపోయాను. "మీకు నిజం తెలుసుగా పెద్దమ్మా. ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ ఇల్లు కూలేది. నాకు కావాల్సింది నీళ్ళు, మీ ఇల్లు కాదు." చెంబు ఎత్తి గడగడా తాగి, కింద పెట్టి, మా ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. "నా పడవలో మూలుగుతూ వెళ్ళి, నా పడవలోనే తిరిగొచ్చి, నా ఎదుటే నిలబడి నేనే దించానన్నాడు. అబద్ధం సరిగ్గా ఆడటం కూడా రాదు మనిషికి. గేటు దగ్గర ఉండాల్సింది ఇలాంటివాడే."